పర్భణీ క్రాంతి ఎందుకు లొంగింది?

బెండలో శంఖు రోగం కనబడగానే మొదటి నింద విత్తనాల కొట్టు మీదే పడుతుంది. ఘుగ్గుస్ దగ్గర వార్ధా ఒడ్డున కూరగాయలు వేసేవారైనా, పెన్‌గంగ ఇవతల ఆదిలాబాద్ రైతైనా అనే మాట ఒకటే: తట్టుకునే రకమని చెప్పి కల్తీ గింజలు అంటగట్టారని. కల్తీ ఉండదని నేననను. కానీ అసలు సిసలు గింజకూ తెగులు వస్తుంది. ఎందుకో తెలియడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

1924లో బొంబాయి ప్రెసిడెన్సీలో కులకర్ణి ఈ తెగులును నమోదు చేశారు. 1940లో ఉప్పల్, వర్మ, కపూర్ దానికి ‘ఎల్లో వెయిన్ మొజాయిక్’ అని పేరు పెట్టారు. మోసుకెళ్లేది తెల్లదోమ. ముందు ఈనెలు పసుపుపచ్చగా తేలతాయి, నడుమ ఆకుపచ్చ గళ్లు మిగులుతాయి. ఆపైన ఆకంతా పల్లాకవుతుంది, కాయ పాలిపోయి పీచు కడుతుంది.

1950లలో ఢిల్లీలో హర్‌భజన్ సింగ్ తెగులు తట్టుకునే పూసా సావని రకం తెచ్చారు. కొన్నేళ్లు ఎక్కడ చూసినా అదే. తర్వాత అదీ పండిపోవడం మొదలైంది. అప్పుడు పర్భణీలోని మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జంభలే, నేర్కర్ పూసా సావనిని మానిహాట్ అనే దగ్గరి జాతితో సంకరం చేశారు. అలా 1980లలో పుట్టిందే పర్భణీ క్రాంతి. మంచి విత్తనం. అదీ మెల్లగా లొంగింది.

రెండుసార్లూ అందరి చూపూ మొక్క మీదే, వైరస్ సంగతి పట్టించుకున్నవారు తక్కువ. 2003లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో జోస్, ఉష వైరస్ డీఎన్ఏను ఒక్కదాన్నే బెండకు ఎక్కిస్తే ఆకు కాస్త ముడుచుకుంది, అంతే. దానికి తోడుండే ‘బీటా’ అనే చిన్న డీఎన్ఏ వలయాన్ని కూడా కలిపాకే ఈనెలు పసుపెక్కాయి. వైరస్ వలయంలో దాదాపు 2,700 అక్షరాలు, బీటాలో అందులో సగం. పైగా ఆ వైరస్‌కు పత్తి ఆకుముడత వైరస్‌తో దగ్గరి చుట్టరికం. పత్తి, గోంగూర, బెండ అన్నీ మందార కుటుంబమే కదా.

ఆ తర్వాత రాష్ట్రాల వారీగా పల్లాకులు తెచ్చి అక్షరాలు చదివితే ఒక్క వైరస్ కాదు, ఓ గుంపు బయటపడింది. వరస 94 శాతం కలవకపోతే వేరే స్ట్రెయిన్, 91 కూడా కలవకపోతే వేరే జాతే. ఒకే మొక్కలో రెండు చేరితే ముక్కలు మార్చుకుని మూడోది పుట్టవచ్చు. ఊరంతా ఒకే రకం వేస్తే జల్లెడ పట్టినట్టే: లొంగే స్ట్రెయిన్లు ఆగిపోతాయి, లొంగనివే మిగిలి తామరతంపరగా పెరుగుతాయి. ఒక జిల్లాలో నిలిచిన గింజ పక్క జిల్లాలో పండిపోతే, అక్కడి తెల్లదోమ మోసేది ఇంకో స్ట్రెయిన్ కావచ్చు.