క్రీడారంగమున క్రైస్తవ మైత్రి

ఓరుగల్లు సీమలోని దోర్నకల్లునకు 1912లో బిషప్పయిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు పూర్వము వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా బనిచేసినవారు. 1910లో ఎడింబరో మహాసభయందు వారు పాశ్చాత్య మిషనరీల త్యాగమును బొగడియు, తమవారికి గావలసినది స్నేహితులని నిర్భయముగ జెప్పిరి. ఆ మందలింపు మనకును దగును.

పెద్దలకు గొఱవడిన యా మైత్రి పిల్లలకెట్లలవడును? ఆ సమాజమువారి పాఠశాలయందే 1891లో నెయిస్మిత్తుగారు బాస్కెట్టుబాలును గల్పించిరి. 1895లో మోర్గనుగారు వాలీబాలును గల్పించిరి. 1920లో హ్యారీ బక్కుగారు చెన్నపట్టణమున వ్యాయామోపాధ్యాయులకు శిక్షణాలయమును నెలకొల్పిరి. బంతి యందించువాని కులమడుగుటకు ఆటలో తీఱిక యుండదు. అయిన, ఆట ముగిసి దప్పికగొన్న పిల్లలందఱును ఒక్క కుండనీరే త్రాగుచున్నారా? తమ బిడ్డలు గెలిచిరా యని యడుగు తల్లిదండ్రులు పెక్కండ్రు. ఆ కుండనుగూర్చి యడుగువారరుదు.