పాఠకులను వెదకికొనిన పత్రికలు

పత్రికను స్థాపింపవలెనన్న ఉత్సాహము తెలుగువారికి ఏనాడును కొఱవడలేదు. కొఱవడినది పాఠకుడు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున పుట్టిన తెలుగు పత్రికల పట్టికను తిరుగవేసినచో అందు పెక్కింటికి రెండవ సంపుటమే కానరాదు. వ్రాయువారు లేక అవి ఆగిపోలేదు. చదువువారు లేక కొన్ని, చదివియు చందా పంపనివారి వలన మఱికొన్ని కన్నుమూసినవి. 1901 నాటి జనాభా లెక్కలలో మద్రాసు రాజధాని యంతటను అక్షరములు వచ్చినవారు నూటికి పదిమందియైనను లేరు. ఆ కొద్దిమందిలో ఇంగ్లీషు నేర్చినవారికి తెలుగు పత్రిక చేతబట్టుట చిన్నతనముగా తోచెడిది. పండితులకు కావ్యములు చాలును. ఇక మిగిలినవారిలో ఒకడు చందా కట్టిన పత్రికను వీధి యంతయు చదివెడిది. కావున ఆ కాలపు సంపాదకుడు వార్తలు సేకరించుటకు ముందు పాఠకుని సృష్టించుకొనవలసి వచ్చెను. ఎవరెవరు ఏ యుపాయముచేత ఆ పని చేసిరో తెలిసికొనుట ముచ్చటగా నుండును.

తొలినాటి సంగతి ఎక్కువ చెప్పనక్కఱలేదు. 1835లో బళ్లారిలో వెలువడిన 'సత్యదూత' క్రైస్తవ ప్రచారమునకై పుట్టినది. దానికి పాఠకులు చాలకున్నను మిషను అండ యుండెను. 1842లో మద్రాసు నుండి 'వర్తమాన తరంగిణి' అను వారపత్రికను సయ్యద్ రహమతుల్లా నడపెను. తెలుగు పత్రికల చరిత్రలో తొలి పుటలయందే ఒక ముస్లిము పెద్దమనిషి పేరున్నదన్న మాట నేడు చాలమందికి తెలియదు. ఆ పత్రికలు మద్రాసు దాటి లోనాడునకు వచ్చుటయే గగనము. వానికి పాఠకలోక మనదగినది ఏర్పడలేదు.

ఆ లోకమును మొదట కల్పించినవాడు కందుకూరి వీరేశలింగము పంతులు. 1874లో ఆయన 'వివేకవర్ధని'ని ప్రారంభించునప్పటికి కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి 'ఆంధ్రభాషా సంజీవని' గట్టి గ్రాంథికమున వెలువడుచుండెను. వీరేశలింగముగారు కూడ మొదట ప్రౌఢశైలినే పట్టిరి. కాని జనమునకు చెప్పదలచిన మాట జనమునకు తెలియకున్న ప్రయోజన మేమి? క్రమముగా వారు తేలిక మాటలకు దిగిరి. రెండు పత్రికలకును వైరము ముదిరినది. సంజీవనివారు వివేకవర్ధనిని వెక్కిరించుటకు 'హాస్యవర్ధని'ని అనుబంధముగా తీసిరి. వీరేశలింగముగారు ఊరకుందురా, బదులుగా 'హాస్యసంజీవని'ని తీసిరి. పేర్లు తారుమారు చేసికొని ఒకరినొకరు ఎత్తిపొడుచుకొనుట చూచి నవ్వుకొనుటకైనను జనము పత్రికలు చదువసాగిరి. పండితుల కలహము వలన భాషకేమి లాభించినదో చెప్పలేము గాని, పాఠకుల సంఖ్యకు మాత్రము లాభించియే యుండును.

అంతకంటె గట్టి యుపాయములు మఱి రెండు వారి చేతనుండెను. ఊరివారి బాగోతమును ఊరివారి పలుకుబడిలోనే ప్రహసనముగా వ్రాసి అచ్చువేయుట మొదటిది. 'బ్రహ్మవివాహము' అను ప్రహసనమును జనులు 'పెద్దయ్యగారి పెండ్లి' అని పిలుచుకొనిరి. ముసలివాడు పసిపిల్లను పెండ్లాడు అన్యాయము అందు నవ్వులలో కాలిపోయినది. ప్లీడర్లు, కచ్చేరీలు, లంచములు, ఏవియు ఆ కలమునకు తప్పించుకొనలేదు. తన్ను గూర్చి ఈ వారమేమి వ్రాసినారో యన్న భయముతో చదివినవాడును పాఠకుడే కదా! రెండవది, కథను ముక్కలుగా నిచ్చి పాఠకుని ఎదురుచూచునట్లు చేయుట. 'రాజశేఖర చరిత్రము' 1878 నుండి వివేకవర్ధనిలో భాగములుగా వచ్చి, 1880లో పుస్తకమైనది. నేటి వారపత్రికల ధారావాహికలకు అదియే పెద్దమ్మ.

అయినను అది గోదావరి తీరపు మాట. తెలుగుదేశము వెలుపల, మాతృభాష వినిపింపని మహానగరములో తెలుగు పత్రికను నిలబెట్టిన కథ అంతకంటె చిత్రమైనది. ఉద్యోగరీత్యా ఇతర ప్రాంతములలో నివసించు తెలుగు కుటుంబములవారికి అది మఱింత ఆసక్తి కలిగింపగలదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1867లో కృష్ణాజిల్లా యెలకుఱ్ఱులో జన్మించెను. బొంబాయి చేరి, 1893లో అమృతాంజనము తయారుచేసి అమ్మసాగెను. తలనొప్పి మందునకు గిరాకి ఎట్లు కల్పించెను? సంగీత సభలకు వచ్చినవారికి ఉచితముగా పంచిపెట్టెను. ఒకమాఱు రాచుకొన్నవాడు మఱునాడు కొనుటకు వచ్చును. వస్తువును ముందు చేతిలో పెట్టి, నమ్మకము కుదిరిన పిమ్మట వెల యడుగుట ఆయన నేర్చిన వాణిజ్య రహస్యము. తరువాతి కాలమున పత్రిక విషయమునను ఆయన ఈ మార్గమునే నడచెననిపించును.

1907లో సూరతు కాంగ్రెసు సభ జరిగినది. దేశమంతయు ఉడికిపోవుచున్న కాలమది. మహారాష్ట్రమున తిలకుగారి 'కేసరి' జనమును ఎట్లు కదల్చుచున్నదో నాగేశ్వరరావుగారు బొంబాయిలోనుండి కన్నులార చూచుచుండిరి. తెలుగువారికి అట్టిది ఏదీ? 1908 సెప్టెంబరులో బొంబాయి నుండియే 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా వెలువడినది. అదే సంవత్సరమున బెజవాడలో 'స్వరాజ్య' పత్రికను నడపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరమునకు జైలుపాలైరి. పత్రిక పెట్టుట ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

బొంబాయిలో తెలుగువారు లేకపోలేదు. కామాటిపుర మను పేరే తెలంగాణము నుండి వలసవచ్చి రాళ్లెత్తిన కామాటీల వలన ఏర్పడినది. నూలు మిల్లులలో పద్మశాలీలు పెక్కుమంది పనిచేయుచుండిరి. కాని వారిలో చదువు వచ్చినవారెందరు? పత్రికకు కావలసిన పాఠకులు కృష్ణా, గోదావరి, గుంటూరు, నెల్లూరు జిల్లాలలో నుండిరి. ఆ వారధి కట్టినది తపాలాశాఖ. 1877లో ఏర్పడిన వి.పి. పద్ధతి, 1898 నాటి తపాలా చట్టము క్రింద రిజిష్టరైన పత్రికలకు లభించిన తక్కువ తపాలా ఖర్చు, ఈ రెండును లేకున్న బొంబాయిలో అచ్చయిన తెలుగు కాగితము కోనసీమ పల్లెకు చేరియుండెడిది కాదు. తెలుగు పత్రికల చరిత్ర వ్రాయువారు సంపాదకులను కీర్తింతురు గాని, ఎండలో సంచి మోసికొని చేలగట్లపై నడచిన టప్పాబంట్రోతును స్మరించినట్లు కనబడదు.

నాగేశ్వరరావుగారు కనిపెట్టిన ఆకర్షణ ఉగాది సంచిక. 1910లో, సాధారణ నామ సంవత్సరాదికి, ఆంధ్రపత్రిక ప్రత్యేక సంచిక వెలువడినది. ఇది ఉత్త పండుగ పుస్తకము కాదు. చరిత్ర, శాసనములు, సాహిత్యము, శాస్త్రము, చిత్రములు, అన్నింటిపైనను ఆనాటి పెద్దల రచనలు అందులో చేరెడివి. వారపత్రికను చదివి పారవైచువారు కూడ సంవత్సరాది సంచికను పెట్టెలో దాచుకొనెడివారు. పాఠకుని ఇంటిలో చోటు సంపాదించిన పత్రికకు పాఠకుని మనస్సులో చోటు దొరకుట ఎంతసేపు? పంచాంగముతో పాటు ఉగాది సంచిక కొనుట అనేక గృహములలో ఆచారమైనది. సంఘములు, సమితులు నేటికిని తీయుచున్న ప్రత్యేక సంచికలకు ఆ సంచికలే ఒరవడి.

1914 ఏప్రిలు 1వ తేదీన ఆంధ్రపత్రిక మద్రాసునకు మారి దినపత్రికయైనది. నాలుగు నెలలలో ఐరోపాలో మహాసంగ్రామము చెలరేగినది. యుద్ధవార్తలకై ఆవురావురుమను జనమునకు తెలుగులో దినపత్రిక సిద్ధముగా నుండుట కాలము కలిసివచ్చుటయే. బుద్ధిబలమంతయు సంపాదకులదే యనుట న్యాయము కాదు. అయితే కాలము కలిసివచ్చువఱకు నష్టమును భరించినది అమృతాంజనము. పత్రిక తన కాళ్లపై తాను నిలబడుటకు ముందు దానిని మోయు భుజ మొకటి కావలెను. 1924లో ఆయన 'భారతి' మాసపత్రికను, 1926లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించిరి. 1938లో ఆయన దివంగతులైన తరువాత కూడ ఈ పత్రికలు దీర్ఘకాలము నడచి, 1991లో ఆగినవి. మందు అమ్మి పత్రికను పోషించినవాడు ఆయన యొక్కడే కాడు. 'లోధ్ర' అను స్త్రీల ఔషధమును ప్రచారము చేసిన డాక్టరు కె. ఎన్. కేసరి 1928లో 'గృహలక్ష్మి'ని స్థాపించి, రచయిత్రులకు స్వర్ణకంకణము బహూకరించెడివారు. బంగారు కంకణము ఒకరికే దక్కినను, మనమును వ్రాయవచ్చునన్న ఆశ ఎందరో గృహిణులకు కలిగినది.

బందరు 'కృష్ణాపత్రిక' త్రోవ వేఱు. 1902లో పుట్టిన ఆ పత్రికకు 1907 నుండి 1945లో కన్నుమూయువఱకు ముట్నూరి కృష్ణారావుగారే సంపాదకులు. సాయంకాలము వారి చుట్టును కొలువుదీరు 'దర్బారు'లో పుట్టిన మాటలే వారాంతమున సంపాదకీయములై జిల్లాలకు ప్రాకెడివి. గంభీరమైన ఆ పుటల ప్రక్కనే రావూరు వెంకట సత్యనారాయణరావుగారి 'వడగళ్లు' రాలెడివి. పత్రికను వెనుకనుండి తెఱచువారికిని ఏదో యుండవలెను గదా!

ఇక నిజాము రాష్ట్రపు కథ. అచట చిక్కు పత్రిక అమ్ముడుపోవుట గాదు, భాష బ్రదుకుట. రాజభాష ఉర్దూ. బడులలో తెలుగునకు చోటు స్వల్పము. 1922లో నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారి 'నీలగిరి పత్రిక', ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తి పల్లెలో ఒద్దిరాజు సోదరుల 'తెనుగు పత్రిక' వెలువడినవి. మారుమూల పల్లెలో అచ్చుయంత్రము పెట్టి పత్రిక తీసిన ఆ సోదరుల సాహసము తలచుకొన్న కొలది ఆశ్చర్యము. అవి దీర్ఘాయువులు కాలేదు. 1926 మే 10వ తేదీన హైదరాబాదులో 'గోలకొండ పత్రిక' పుట్టినది. సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డి. పేరునకు సంపాదకుడు గాని, వ్రాయువాడు, అచ్చుతప్పులు దిద్దువాడు, లెక్కలు చూచువాడు కూడ పలుమాఱులు ఆయనయే.

తెలంగాణమున కవులే లేరని ఒకరు వ్రాసిరి. మాటకు మాట అనుట సులభము. నాలుగు సంపాదకీయములతో కసి తీర్చుకొనవచ్చును. ప్రతాపరెడ్డిగారు అట్లు చేయలేదు. జిల్లాలకు, తాలూకాలకు, గ్రామములకు కబురంపి, కవుల పద్యములను, వివరములను తెప్పించిరి. 1934లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులు! దీని సాహిత్యపు విలువను గూర్చి చాలమంది వ్రాసినారు. పత్రికా దృష్టితో చూచినచో మఱియొక విశేషము తోచును. ఎన్నడును అచ్చులో తన పేరు చూచుకొననివాడు ఆ సంచికలో తన ఊరి పేరుతో సహా చూచుకొన్నాడు. దానిని బంధువులకు చూపియుండును, గుడి మండపమున చదివి వినిపించియుండును. 354 మంది కవులన్న 354 ఊళ్ల ముచ్చట కాకపోయినను, ఎక్కడెక్కడి మూలలకో ఆ పత్రిక పేరు చేరియుండునని ఊహించుట అతిశయోక్తి కాదు. పాఠకుని కొనుగోలుదారుగా గాక రచయితగా పిలిచిన సంపాదకుడు ప్రతాపరెడ్డి. గోలకొండ పత్రిక 1947లో దినపత్రికయై, 1966వఱకు నడచినది.

తరువాతి దశను త్వరగా చెప్పవచ్చును. తాపీ ధర్మారావుగారి 'జనవాణి' వ్యావహారికమును వార్తలలోనికి తెచ్చినది. 1938లో పుట్టిన 'ఆంధ్రప్రభ' నార్ల వేంకటేశ్వరరావుగారి కాలమున ఆ బాటను రాచబాట చేసినది. 1947 జూలైలో 'చందమామ' పిల్లలను పట్టుకొన్నది. పిల్లల మిషతో పెద్దలను కూడ పట్టుకొన్నదన్నది జగమెఱిగిన సత్యము. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ప్రారంభించిన 'ప్రమదావనము' దశాబ్దముల తరబడి నడచినది. స్త్రీలు తమ సందేహములను, ఎవరికిని చెప్పుకొనలేని బాధలను జాబులుగా వ్రాసెడివారు. 1974లో విశాఖపట్టణమున వెలువడిన 'ఈనాడు' ఇంకొక సంగతి కనిపెట్టినది. అంతవఱకు బెజవాడనుండి ప్రొద్దెక్కి వచ్చు పత్రికలకై కాచుకొనియుండిన ఆ నగరమునకు అది తెల్లవారకముందే గుమ్మములో పత్రికను పడవేసినది. ఎంతటి వార్తయైనను మధ్యాహ్నమునకు చల్లారిపోవును!

ఈ యుపాయములన్నియు చందా కట్టగలవాని కొఱకు. కట్టలేనివాని మాటయేమి? ఆ ప్రశ్నను చేపట్టినది గ్రంథాలయోద్యమము. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోనే వెలసినది. 1914 ఏప్రిలులో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల మహాసభ జరిగినది; అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణము. ఊరూర పఠనమందిరములు వెలసినవి. ఒకడు బిగ్గరగా చదువ, పదిమంది రచ్చబండపై కూర్చుండి వినెడివారు. అక్షరము రానివాడును ఆ విధముగా పత్రికా పాఠకుడైనాడు. లెక్కలకెక్కని పాఠకులు వీరే.

1935లో పాతూరి నాగభూషణముగారు ఇంకొక యడుగు ముందుకు వేసిరి. గుంటూరుజిల్లాలో కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవలు నడచుచుండెడివి. రైళ్లు, బస్సులు లేని పల్లెల వారికి అదియే ప్రయాణసాధనము. పడవ నెమ్మదిగా సాగును. చేయుటకు పని యుండదు. ఆ పడవలో ఆయన పుస్తకముల పెట్టె నుంచిరి. ఎక్కినవాడు పత్రికయో, పుస్తకమో తీసికొని, గట్టున తాటిచెట్లు వెనుకకు పోవుచుండ చదువుకొనెడివాడు. తన రేవు రాగానే పుస్తకమును పెట్టెలో నుంచి దిగిపోయెడివాడు. కథ సగములో నున్నచో తిరుగు ప్రయాణమున మఱల అదే పడవ ఎక్కవలెను.