చెయ్యి వదిలాక బలమెక్కడ?

హనుమకొండలో ఇంటర్ తెలుగు మీడియం చదివే రోజులు. ఫిజిక్స్ సారు బోర్డు మీద ఒక రాయి గీశారు. నిట్టనిలువుగా పైకి విసిరాం, ఇంకా పైకి పోతూనే ఉంది, గాలి నిరోధం లేదనుకోండి. దాని మీద ఏయే బలాలున్నాయి?

"గురుత్వం ఒకటి, మన చేతి బలం ఒకటి సార్" అన్నాను.

"చెయ్యి ఇడిసిపెట్టినంక ఇంకా ఏడున్నదిరా చేతి బలం?"

క్లాసంతా నవ్వింది. తప్పు నా తెలుగుదేనని చాలా ఏళ్లు అనుకున్నాను. మన మాటల్లో బలం, శక్తి, సామర్థ్యం ఇంచుమించు ఒకటే కదా. పాఠ్యపుస్తకంలో మాత్రం అవి ఫోర్స్, ఎనర్జీ, పవర్. వాటిని కొలిచేది న్యూటన్లలో, జౌళ్లలో, వాట్లలో.

తర్వాత సైన్స్ చరిత్ర చదివితే తెలిసింది, ఈ తికమక మనొక్కరిదే కాదని. ఓరుగల్లులో కాకతీయుల పాలన 1323లో ముగిసింది. ఆ శతాబ్దంలోనే పారిస్‌లో జాన్ బురిడాన్, విసిరిన చెయ్యి రాయిలో ఒక 'ఇంపెటస్' నింపుతుందనీ, రాయిని ముందుకు నడిపేది అదేననీ వాదించాడు. అంటే దాదాపు నా జవాబే! 1687లో 'ప్రిన్సిపియా' రాసిన న్యూటన్ కూడా 'విస్' అనే ఒకే లాటిన్ మాటను బయటినుంచి పనిచేసే బలానికీ, వస్తువులోని జడత్వానికీ వాడాడు. ద్రవ్యరాశిని వేగవర్గంతో గుణించి లైబ్నిజ్ దాన్ని 'విస్ వివా' అన్నాడు, అంటే సజీవ బలం. 'ఎనర్జీ' అనే మాటను థామస్ యంగ్ ఈ అర్థంలో వాడింది 1807లో. మనం బట్టీపట్టే సూత్రంలోని ఆ 'సగం' 1829లో కొరియొలిస్ పుస్తకంతో స్థిరపడింది.

ఇప్పుడు ఆ లెక్క చేద్దాం. తొలి వేగం సెకనుకు 20 మీటర్లు, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. ముందు బలం: రాయిని ఏదీ తాకడం లేదు కాబట్టి మిగిలేది భారమొక్కటే, అది కిందికే. వేగం సున్నా అయ్యే శిఖరం దగ్గర కూడా అంతే. ఇక శక్తి: గతిజశక్తి మొత్తం స్థితిజశక్తిగా మారుతుంది, రెండువైపులా ద్రవ్యరాశి కొట్టుకుపోతుంది. 400ని 20తో భాగిస్తే ఎత్తు 20 మీటర్లు. నేను 'చేతి బలం' అన్నది నిజానికి చెయ్యి ఇచ్చిన శక్తి. రాయిలో ఏదో ఉందన్నది తప్పు కాదు, దానికి పెట్టిన పేరే తప్పు.

మొన్న మా అన్న కొడుకు ఫోన్ చేసి ఇదే లెక్క అడిగాడు. "చేతి బలం కూడా ఉంటది కదా బాబాయ్?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ముందు బురిడాన్ సంగతి చెప్పి, ఆ తర్వాతే బొమ్మ గియ్యమన్నాను.