కిటికీలూ, ధనంబోడు రాళ్ళూ

ఈ మధ్య ఒకరోజు ఇంటినుంచి పని చేసుకుంటుంటే కరెంటు పోయింది. బయటి మానిటర్ ఆరిపోయింది. నిమిషంలో వచ్చేసింది లెండి. కానీ ఆ నిమిషంలోనే నా కిటికీలన్నీ ల్యాప్‌టాప్ తెరమీదకి వలసొచ్చి ఒకదానిమీదొకటి కుప్పపడ్డాయి. రెండు ఎడిటర్లు, ఆరు టెర్మినళ్ళు, లాగ్ ఫైళ్ళు, మెయిలు... ఏది ఎక్కడుండాలో నా చేతికి తెలుసుగానీ బుర్రకి తెలీదు. మళ్ళీ సర్దుకునేసరికి పావుగంట. మీలో చాలామందికి ఇది అనుభవమే అయ్యుంటుంది.

పట్టుదలొచ్చి ఒక స్క్రిప్టు రాశాను. తెరిచివున్న ప్రతి కిటికీకీ ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు ఫైల్లో రాసుకోవడం, అడిగినప్పుడు మళ్ళీ అక్కడే పెట్టడం. విండోస్‌లో ఎన్యూమ్‌విండోస్, గెట్‌విండోప్లేస్‌మెంట్, సెట్‌విండోప్లేస్‌మెంట్, ఈ మూడూ చాలు. సేవ్ చెయ్యడం గంటలో అయిపోయింది. రీస్టోర్ మాత్రం రెండు శనాదివారాలు తినేసింది. ఎందుకంటే మెషీన్ తిరిగి మొదలయ్యాక కిటికీ హ్యాండిల్ నంబరు మారిపోతుంది. ఫైలు మారితే టైటిల్ మారిపోతుంది. ఆరు టెర్మినళ్ళకీ ఒకటే పేరు, ఒకటే క్లాసు. నా ఫైల్లో కొలతలన్నీ భద్రంగానే ఉన్నాయి, అవి ఎవరివో తెలిస్తే కదా!

ఇది నా ఒక్కడి బాధ కాదు. 1986లోనే జెరాక్స్ పార్క్‌లో ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ 'రూమ్స్' అని ఒకటి చేశారు. ఒక్కో పనికి ఒక్కో గది, ఆ గదిలోకెళ్తే ఆ పని కిటికీలు వదిలేసినచోటే ఉంటాయి. మెమరీ చాలనప్పుడు పేజీలు అటూఇటూ తిరిగినట్టే చిన్న తెరమీద కిటికీలు తిరుగుతుంటాయని వాళ్ళు గమనించారు. 1992లో విండోస్ 3.1 ప్రోగ్రామ్ మేనేజర్‌లో 'సేవ్ సెట్టింగ్స్ ఆన్ ఎగ్జిట్' ఉండేది, అయితే అది ప్రోగ్రామ్ మేనేజర్ సొంత గ్రూపులకే. మ్యాక్‌లో 2011లో లయన్‌తో 'రెజ్యూమ్' వచ్చింది. మానిటర్ తీసిపెట్టినా కిటికీల చోట్లు గుర్తుపెట్టుకునే సదుపాయం విండోస్ 11తో 2021లో వచ్చింది. పవర్‌టాయ్స్‌లో 'వర్క్‌స్పేసెస్' 2024లో.

వీటన్నిట్లో నాకు నచ్చింది 1994లో ఎక్స్11 ఆరో విడుదలతో వచ్చిన సెషన్ మేనేజ్‌మెంట్. అందులో ప్రతి ప్రోగ్రాముకీ ఒక క్లయింట్ ఐడీ ఉంటుంది. దాని ప్రతి కిటికీ మీదా 'విండో రోల్' అని ఒక గుర్తు ఉండాలి. నేను ఫలానా పనిచేసే కిటికీని అని ఆ కిటికీయే చెప్పుకోవాలన్నమాట. చక్కటి ఆలోచనే. కానీ ఆ గుర్తు పెట్టే ఓపిక ప్రోగ్రాములు రాసేవాళ్ళకి (అంటే మనకే) లేకపోయింది. గుర్తు లేనిచోట విండో మేనేజర్ ఊహించుకోవాల్సిందే.

ఇదంతా చదువుతుంటే నాకు ధనంబోడు గుర్తొచ్చింది. మాది నందిగామ, అమ్మమ్మగారిది జగ్గయ్యపేట. పేట పక్కనున్న గుట్టమీద బౌద్ధస్తూపం ఉంది. ధనంబోడు అంటారు. చిన్నప్పుడు మావయ్యతో వెళ్తే గుండ్రటి అడుగుభాగం, చుట్టూ కొన్ని పలకలు కనిపించాయి. బొమ్మలేవి మావయ్యా అంటే, మద్రాసులో ఉన్నాయిరా అన్నాడు. నిజమే. ఆకాశంనుంచి నాణేలు వాన కురుస్తుంటే చెయ్యెత్తి నిలబడ్డ మాంధాత చక్రవర్తి శిల్పం ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. జేమ్స్ బర్జెస్ ఈ స్తూపాన్ని 1882లో తవ్వించి, అమరావతితో కలిపి 1887లో పుస్తకం వేశాడు. అప్పటికే దీని ఇటుకలూ రాళ్ళూ చాలా తరలిపోయాయి.

అమరావతి కథ ఇంకా ఘోరం. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిని రాజధాని చేసుకున్నాడు. ఇళ్ళకీ కట్టడాలకీ రాళ్ళు కావాలి, పక్కనే దీపాలదిన్నె ఉంది. (అన్నట్టు, బేతవోలుకి తండ్రి జగ్గయ్య పేరుపెట్టి జగ్గయ్యపేట చేసింది కూడా ఈయనే. మా పేట పేరూ, అమరావతి దిన్నెకి పడ్డ గొయ్యీ ఒకే చేతి పని అన్నమాట.) ఆ దశాబ్దం చివర్లోనే ఒకసారి దిన్నెని చూసిన కాలిన్ మెకంజీ 1816లో బొమ్మలు గీసేవాళ్ళని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. అప్పటికే దిన్నె నడుమ చెరువు తవ్వేశారు. అతను దొరికిన పలకలకి బొమ్మలూ దిన్నెకి ప్లానూ గీయించాడు. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ బొమ్మల్లో ఉన్న పలకలు కొన్ని ఇవాళ ఎక్కడా లేవు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు తలా ఒక రకం. మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని పలకలు తెప్పించి బజారులో అలంకారంగా నిలబెట్టించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, ఆపైన 1859లో లండన్‌కి ఓడెక్కాయి. 1877లో రాబర్ట్ సూయెల్ మాత్రం ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసుకుంటూ తవ్వాడు, అందుకే ఆయన రిపోర్టు ఇప్పటికీ పనికొస్తోంది. 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు మొత్తం తవ్వి శుభ్రం చెయ్యమన్నాడు. చేసేశారు. 1881 చివర్లో బర్జెస్ వచ్చేసరికి మిగిలింది పెద్ద గొయ్యి. ఏ పలక ఏ పలక పక్కన ఉండేది అన్న సమాచారం చాలావరకు ఆ ఒక్క ఉత్తర్వుతో పోయింది. పండితులు ఇప్పటికీ మెకంజీ ప్లానూ సూయెల్ జాబితా దగ్గర పెట్టుకుని మద్రాసు రాయినీ లండన్ రాయినీ జతకలుపుతున్నారు. దురుద్దేశం ఎవరికీ లేదనే అనుకుంటా. రాళ్ళని కాపాడదామనే తరలించారు. రాయి ఉంటే చాలనుకున్నారు, అంతే.

మళ్ళీ ధనంబోడుకి వస్తా. అక్కడ దొరికిన స్తంభాల మీద ప్రాకృతంలో, పొడుగాటి తోకల అక్షరాలతో ఒక శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే క్రీ.శ. మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి వేయించాడు. తండ్రి నాగచంద్రుడూ శిల్పే, వాళ్ళది కమ్మరాష్ట్రంలోని నడతూరు. వెలగిరి అనే ఊళ్ళో బుద్ధ భగవానుడి మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టానని అందులో చెప్పాడు. ఊరు, కట్టడం, దిక్కు, ఎన్ని స్తంభాలు, ఎవరు పెట్టారు, ఎప్పుడు, అన్నీ రాయిమీదే ఉన్నాయి. పైగా అదే శాసనం మూడు స్తంభాల మీద చెక్కించాడు! రెండు పోయినా ఒకటి చెబుతుంది. ఈ స్తంభం ఏ మ్యూజియంలో, ఏ మూల పడున్నా తన చోటు తూర్పు ద్వారమని తనే చెప్పుకుంటుంది. మా పేట పాతపేరు వెలగిరి అని మనకి తెలిసింది కూడా దీనివల్లే. ఆయన పుణ్యం కోసం చెక్కించుకున్నాడు, నిజమే. కానీ పదిహేడు వందల ఏళ్ళ తర్వాత ఆ కట్టడాన్ని అర్థం చేసుకోవాల్సినవాళ్ళకి అంతకంటే ఉపకారం ఎవరూ చెయ్యలేదు.

నాగార్జునకొండ దగ్గర కథ వేరు. అక్కడ నీళ్ళొస్తాయని ముందే తెలుసు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, కొలిచి, ప్లాన్లు గీసి, తొమ్మిది కట్టడాలని అసలు రాళ్ళూ ఇటుకలతోనే ఎగువకి తరలించి మళ్ళీ కట్టారు. మిగతావాటిలో కొన్నిటికి నమూనాలు చేశారు. లోయ పోయింది, కానీ ఏది ఎక్కడుండేదో పోలేదు. ముందు సేవ్, తర్వాతే షట్‌డౌన్.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు చిల్లకల్లు దగ్గర హైవే దిగి ధనంబోడు ఎక్కాను. పాతికేళ్ళ తర్వాత. పలకలు అవే, గాలి అదే. ఏ దిక్కున నిలబడ్డానో ఫోన్‌లో దిక్సూచి తీసి చూసుకుని, తూర్పు వైపు కాసేపు కూర్చున్నా. సిద్ధార్థుడు చెప్పిన స్తంభాలు అక్కడ లేవు. కానీ ఎక్కడ ఉండేవో చూపించగలను.

స్క్రిప్టు సంగతి చెప్పలేదు కదూ. టైటిళ్ళనీ హ్యాండిళ్ళనీ నమ్మడం మానేశా. ఇప్పుడు ప్రతి టెర్మినల్‌నీ తెరిచేటప్పుడే దాని పని పేరుగా పెడుతున్నా: 'బిల్డ్', 'సర్వర్ లాగ్', 'డేటాబేస్', అలా. మూడుసార్లు కరెంటు పోయింది, మూడుసార్లూ ఐదు టెర్మినళ్ళు ఎక్కడివక్కడే వచ్చి కూర్చున్నాయి. ఆరోది ఎందుకు తెరిచేవాణ్ణో మాత్రం ఇంకా గుర్తురాలేదు.