పనసచెట్టు కింద కాటా

మా ఊళ్లో పనసచెట్టు కింద ఒక కాటా ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా పొద్దు వాలే వేళకి ఆడవాళ్లు నెత్తిన బస్తాలతో తోటల్లోంచి దిగి దాని చుట్టూ చేరతారు. బస్తా విప్పి టార్పాలిన్ మీద పోసి, పచ్చికాయ, సగం పండిన కాయ ఏరి పక్కన పెడతారు. మిగిలిన ఎర్రపండ్లు కాటాకెక్కుతాయి. అంకె పుస్తకంలో పడుతుంది, చీటీ చేతికొస్తుంది. చీకటి పడేలోపు బండి అరకు దారి పడుతుంది. పారిస్‌లో దుకాణం పెట్టిన మా అరకు కాఫీ ఎలా ఎదిగిందని ఎవరడిగినా నాకు మొదట ఈ కాటాయే గుర్తొస్తుంది.

మా చిన్నప్పుడు కాటా లేదు. సంతలో షావుకారు కుంచం ఉండేది. మా గింజలు కొలుచుకునేటప్పుడు దాన్ని గోపురంగా పోయించుకునేవాడు. మాకు ఉప్పు కొలిచేటప్పుడు అదే కుంచం అంచు దాకా అరచేత్తో గీసేవాడు. వానాకాలంలో ఇంట్లో చోళ్లు అడుగంటితే నాన్న అతని దగ్గరే ఉప్పు, ఎండుచేపలు, బట్ట అప్పు తెచ్చేవాడు. కాఫీ కాయ చెట్టు మీద ఉండగానే అతని లెక్కలోకి వెళ్లిపోయేది. అందుకే పండేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. కొమ్మ పట్టుకుని పచ్చీ పండూ కలిపి దూసేసేవాళ్లం. వాకిట్లో మట్టి మీదే ఆరబోసేవాళ్లం. రాత్రి మంచుకి తడిసి, పగలు ఎండి, మళ్లీ తడిసి గింజ బూజు వాసన కొట్టేది. ఆ కాఫీ మేమెవరమూ తాగలేదు. నాకు కాఫీ రుచి తెలిసింది విశాఖపట్నంలో చదువుకునేటప్పుడే.

తూర్పు కనుమల్లోకి కాఫీ బ్రిటిషు వాళ్ల కాలంలో వచ్చింది. మొదట గోదావరి వైపు పాములేరు లోయలో వేశారు. తర్వాత కొండ వెంట ఉత్తరానికి పాకింది. స్వాతంత్య్రం వచ్చాక పోడు తగ్గించాలని, కొండల మీద మట్టి కొట్టుకుపోకుండా ఆపాలని అటవీశాఖ తోటలు పెంచింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, ఆ తర్వాత పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఇంటింటికీ మొక్కలిచ్చాయి. నీడకి సిల్వర్ ఓక్, దాని మొదట్లో మిరియాల తీగ వేసుకున్నాం. అరకు కాఫీ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇదంతా దాటేసి, ఏమీ లేని కొండ మీద పని మొదలైనట్టు చెబుతారు. అది నాకు నచ్చదు. నర్సరీల్లో కవర్లకి మట్టి నింపిన చేతులు, ఆ మొక్కల్ని భుజాన మోసుకెళ్లి నాటిన మా నాన్న తరం లేకపోతే తర్వాతి కథే లేదు.

1998లో హైదరాబాద్‌లో పుట్టిన నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2000 తర్వాత మా కొండల్లో కాఫీ పనిలోకి దిగింది. 2007లో దాని తోడ్పాటుతో రైతులే సభ్యులుగా ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం పేరు స్మాల్ అండ్ మార్జినల్ ట్రైబల్ ఫార్మర్స్ మ్యూచువల్లీ ఎయిడెడ్ కోఆపరేటివ్ సొసైటీ. ఎకరం, రెండెకరాల వాళ్లే అందులో ఎక్కువ. ఇవాళ వేల కుటుంబాల పండు దాని కాటాల మీదుగా వెళుతోంది.

సంఘం పెట్టిన నియమం చెప్పడానికి చిన్నది. ఎర్రగా పండిందే కోయాలి, కోసిన రోజే ఇచ్చేయాలి. చేసేవాళ్లకి మాత్రం అది పెద్ద పని. ఒక్క కొమ్మ మీదే ఎరుపు, పసుపు, పచ్చ మూడూ ఉంటాయి. మా చలికి పండు నెమ్మదిగా పండుతుంది కాబట్టి ఒకే చెట్టు దగ్గరికి వారానికో పదిరోజులకో మళ్లీ మళ్లీ వెళ్లాలి. మొదట్లో మా అమ్మ విసుక్కుంది. ఒకసారి దూసేస్తే పోయేదానికి ఇన్ని తిరుగుళ్లా అంది. రెండు పంటలు గడిచేసరికి కోతకొచ్చిన ఆడపిల్లల్ని అదిలించేది తనే. "పచ్చికాయ ముట్టకే. దాని రోజు దానికొస్తాది" అనేది. రెండు వేళ్లతో పండుని కాస్త తిప్పి తీసేది. కాడ కొమ్మకే ఉండాలి, లేకపోతే వచ్చే ఏడు అక్కడ పూత రాదని చెప్పేది.

అరకు యూనిట్‌లో ఆ రాత్రే పండు తొక్క తీస్తారు. జిగురుతో ఉన్న గింజల్ని పులియబెట్టి, కడిగి, నేలకి తగలకుండా ఎత్తయిన వలల మీద ఆరబెడతారు. ఆరు కిలోల పండిస్తే చివరికి తేలేది సుమారు కిలో గింజ. మా వాకిట్లో బూజు పట్టిన గింజా, యూరప్ వెళ్లిన గింజా ఒకే చెట్లవి. నడుమ మారింది కోత, ఆ ఒక్క రాత్రి పని.

సేంద్రియం అన్న మాట మాకు కొత్త గానీ, పని కొత్తది కాదు. మందులు కొనే డబ్బు మా దగ్గర ఎప్పుడూ లేదు. కొత్తగా వచ్చింది దస్తావేజు. ఎవరి తోట ఎక్కడ, ఎన్ని చెట్లు, పక్క పొలంలో ఏం చల్లారు, అన్నీ రాయాలి. తనిఖీకొచ్చినవాళ్లకి చూపించాలి. కుప్పలుగా వేసి ఎరువు మాగబెట్టడం, ఆవు కొమ్ములో పేడ కూరి పాతిపెట్టడం లాంటి బయోడైనమిక్ పద్ధతులూ నేర్పారు. కొమ్ము సంగతి ఏమోగానీ, ఎరువు కుప్ప మీద నాకు గట్టి నమ్మకం. మా తోటలో మట్టి వానపాములతో నల్లబడడం నా కళ్లతో చూశాను. డానోన్ కంపెనీ వాళ్లు మొదలుపెట్టిన లైవ్లీహుడ్స్ నిధితో 2010 నుంచి మా కొండల్లో లక్షలాది చెట్లు నాటారు. వాటిలోని మామిడి చెట్లు ఇప్పుడు కాపు కాస్తున్నాయి.

ఆ తర్వాతిది పేపర్లలో వచ్చిందే. ఆనంద్ మహీంద్రా, క్రిస్ గోపాలకృష్ణన్, సతీష్ రెడ్డి లాంటి పారిశ్రామికవేత్తలు అరకు కాఫీ అమ్మే కంపెనీలో పెట్టుబడి పెట్టారు. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు, మరుసటి ఏడు అక్కడే ఒక పోటీలో బంగారు బహుమతి వచ్చింది. 2019లో అరకు అరబికాకి భౌగోళిక సూచిక దక్కింది. 2021లో బెంగళూరు ఇందిరానగర్‌లో కేఫ్ పెట్టారు. మా అరకు పేరు అంత దూరాన అట్టపెట్టె మీద చూస్తే ఛాతీ ఉప్పొంగుతుంది. అయినా ఒక కోరిక మిగిలే ఉంది. పండు మాది, సంఘం మాది, కప్పు అమ్మే దుకాణం పెట్టుబడిదారులది. మా కాఫీకి 2009 నుంచి రుచి పోటీలు జరుగుతున్నాయి. చెంచాతో జుర్రి ఇది మేలు, ఇది నాసి అని తేల్చే ఆ బల్ల దగ్గర మా కొండ పిల్లలు ఎక్కువమంది కూర్చోవాలి. గింజ విలువ చెప్పే నాలుక కూడా మాదే కావాలి.

2025లో మా ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనబడింది. పండు కింద సూదిమొన అంత రంధ్రం, లోపల నల్ల పురుగు. పురుగు పట్టిన కాయల్ని మరిగే నీళ్లలో ముంచి గోతుల్లో పూడ్చారు. మందు కొట్టే దారి మాకు లేదు. నేల రాలినదీ చెట్టున ఎండిందీ ఒక్కటి కూడా వదలకుండా ఏరడమే మా చేతిలో ఉన్నది. ఈ ఏడు కోత అయిపోయాక కూడా మా అమ్మ తోటకి వెళుతోంది. నడుం వంగదు, అందుకని పీట మీద కూర్చుని ఒక్కో చెట్టు మొదట్లో ఆకులు తప్పించి, రాలిన కాయల్ని తీసి ఒడిలో వేసుకుంటోంది. చివర్న ఒక్కో కాయనీ వెలుతురుకి ఎత్తి అడుగున చూస్తుంది.