గోళీలపై నడచిన శిల

బాల్ బేరింగనగానే ఇరుసుచుట్టును తిరుగు ఉక్కు గోళీలే మనకు స్ఫురించును; కాని గిరగిర తిరుగక, సరళరేఖపై ముందునకును వెనుకకును సాగు భారమును మోయు గోళీలకు వేరొక చరిత్ర కలదు. వేల్సునందలి ఫిలిప్ వాన్ బండి ఇరుసునకు గోళీలనమర్చి పేటెంటు పడసినది 1794లో కాగా, అంతకు పాతికేండ్లకు మునుపే రష్యాలో, గడ్డకట్టిన నేలమీద, ఈ రెండవ జాతి బేరింగు తన బలమును లోకమునకు చూపెను.

పీటర్ చక్రవర్తి అశ్వారూఢ విగ్రహమునకు పీఠముగా నిలుపదగిన శిలకై కాథరిన్ సామ్రాజ్ఞి వెదకింపగా, ఫిన్లండు సింధుశాఖ చేరువను, లాఖ్తా గ్రామపు బురదనేలలో, సుమారు 1,500 టన్నుల బండ యొకటి 1768లో కనబడెను. శిల్పియైన ఫాల్కొనే దానినచ్చటనే చెక్కెదనని కోరినను రాణి సమ్మతింపలేదు. అంతట మారినో కార్బూరి యను గ్రీకు ఇంజనీరు, నేల గట్టిపడు చలికాలము వచ్చుదాక వేచి, దూలములను గాడిగా తొలిపించి, గాడికి రాగిరేకు తాపడము చేయించి, అందు సుమారు 13 సెంటీమీటర్ల కంచుగోళీలను పరపించి, వానిపై బండనెక్కించి, మరలకు త్రాళ్లుచుట్టి నాలుగువందల మందిచే లాగించెను. పశువుల సాయము లేకయే ఆ శిల 1770 వసంతమునకు ఆరు కిలోమీటర్లకు పైగా నడచి తీరము చేరెను. నడుచుచుండగనే దానిని శిల్పులు చెక్కుచుండిరట! కీర్తి మాత్రము శిల్పికి దక్కినంతగా ఇంజనీరునకు దక్కలేదు. అది న్యాయమని నాకు తోచదు.

నేటి కేటలాగులలోని పరిభాష చాలవరకు ఆ గాడిలోనే కలదు. గోళీ దొర్లు గాడి రేస్‌వే. దానిపై నిలువుగ దిగు బరువు రేడియల్ లోడు. లేనిదొక్కటే, దారి తనంత తానే ముందునకు మరలు ఏర్పాటు: శిల దాటిపోయిన పట్టాలను విప్పి, మరల ముందునకు మోసుకొనిపోయి పరచుపని కూలీలదే. ఆ పనిని యంత్రమే చేసికొనునట్లు చేసినది 1940లనాటి మధ్యకాలమున అమెరికాలోని థామ్సన్ సంస్థ రూపొందించిన బాల్ బుషింగు. ఇందు కొన్ని గోళీలు షాఫ్టుపై బరువు మోయుచుండ, తక్కినవి బరువులేని దారిలో వెనుకకు మరలి తమ వంతుకు చేరును. దీనినే రీసర్క్యులేషన్ అందురు. గోళీల వరుసను దారితప్పనీయక నడపునది కేజ్. సందు లేకుండ గోళీలను కొంచెము బిగువుగ నమర్చుట ప్రీలోడు; దానిచే యంత్రము వణకదు గాని ఘర్షణ హెచ్చును.

గుండ్రని షాఫ్టుపై గోళీ ఆనుచోటు మిక్కిలి స్వల్పము. 1972లో జపానుకు చెందిన టి.హెచ్.కె. సంస్థ గోళీకి సరిపడు గాడులు తీర్చిన రైలును వెలువరించుటతో మోయదగు బరువు విశేషముగా పెరిగెను.

ఇక ఆయువు మాట. బరువు రెట్టింపైనచో గోళీ బేరింగు ఆయువు ఎనిమిదవ వంతునకు దిగును; 1947లో లుండ్‌బర్గ్, పాల్మ్‌గ్రెన్ అను స్వీడను శాస్త్రజ్ఞులు స్థిరపరచిన లెక్క యిట్టిది. లోడు రేటింగనగా, ఆ బరువుతో నూటికి తొంబది బేరింగులు నిర్ణీత దూరము చెడక నడచునని అర్థము. ఆ దూరమును కొందరు తయారీదారులు 50 కిలోమీటర్లుగాను, కొందరు 100 కిలోమీటర్లుగాను గైకొందురు. ఒకే బేరింగునకు మొదటి లెక్కలో రేటింగు రమారమి 26 శాతము హెచ్చుగ కనబడును. కావున కొనువారు అంకెను చూచుటకు ముందు, అది ఏ దూరమునకు చెప్పిన అంకెయో విచారించి మరి కొనవలెను.