పెదవికి సెలవు: ట్రంపెట్ ప్రాక్టీసు వెనక రెండొందల ఏళ్ళ కథ

మొన్న మా కజిన్ పెళ్ళి ఊరేగింపులో బ్యాండు వాళ్ళతో కలిసి నడిచాను. ట్రంపెట్ వాయించే కుర్రాడికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. పాటకీ పాటకీ మధ్య వాటర్ ప్యాకెట్ పెదవికి అదుముకుంటున్నాడు. ఏమైంది తమ్ముడూ అంటే, "సీజన్ లేనప్పుడు కూడా రోజూ నాలుగు గంటలు ఆపకుండా వాయిస్తానన్నా, ఆపితే పట్టు పోతుంది కదా" అన్నాడు. ఆ పెదవి వాచి ఉంది. అతనికి ఏం చెప్పాలో ఆ రోజు నాకు తెలియలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. అదే ఈ ఎపిసోడ్.

ముందు ఒక ప్రశ్న. ట్రంపెట్‌కి ఇంత ప్రాక్టీసు ఎందుకు? వీణకి తీగ ఉంది, తబలాకి చర్మం ఉంది. ట్రంపెట్‌లో కంపించేది మన పెదవే. హై సి అని పిలిచే పై స్వరం పలకాలంటే పెదవులు సెకనుకి దాదాపు 932 సార్లు కొట్టుకోవాలి. అలా కొట్టుకుంటున్న పెదవి మీద ఇత్తడి మౌత్‌పీస్ నొక్కుకుని ఉంటుంది. ఎంత నొక్కితే అక్కడ రక్తం ఆడటం అంత తగ్గుతుంది. తీగ తెగితే కొత్తది వేసుకోవచ్చు. పెదవికి ఆ సౌకర్యం లేదు.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. పాతకాలం ట్రంపెట్ అంటే వంచిన గొట్టం, అంతే. మీటలు లేవు. ఊదే తీరు మార్చి కొన్ని స్వరాలు మాత్రమే తీయగలరు, కింది స్థాయిలో అయితే స్వరానికీ స్వరానికీ మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. జర్మన్ ప్రాంతాల్లో ఈ విద్య ఒక సంఘం చేతిలో ఉండేది. 1623లో రెండో ఫెర్డినాండ్ చక్రవర్తి వాళ్ళకి హక్కు పత్రం కూడా ఇచ్చాడు. గురువు దగ్గర శిష్యరికం చేసినవాడే వాయించాలి. అంటే రోజువారీ సాధన ఎలా చేయాలన్నది గురువు నోట్లో ఉండేది.

1814 ప్రాంతంలో కథ మారింది. హైన్రిచ్ స్టోల్జెల్, ఫ్రెడ్రిక్ బ్లూమెల్ అనే ఇద్దరు వాల్వుల మీద పనిచేశారు, 1818లో బెర్లిన్‌లో పేటెంట్ తీసుకున్నారు. వేలితో మీట నొక్కితే గొట్టం పొడవు మారుతుంది. దాంతో ఆ ఖాళీలన్నీ నిండిపోయాయి. కానీ కొత్త తలనొప్పి కూడా వచ్చింది. ఇన్ని స్వరాలు, ఇన్ని శృతుల్లో, వేళ్ళూ నాలుకా ఊపిరీ పెదవీ ఒకేసారి కలవాలి. దానికి పాత గురువుల పద్ధతి సరిపోలేదు.

ఆ లోటు తీర్చినవాళ్ళలో పెద్ద పేరు జాన్ బాప్టిస్ట్ ఆర్బన్. 1825లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుట్టాడు, పారిస్ కన్సర్వేటరీలో చదివాడు. 1857 నుంచి సైనిక బ్యాండుల కోసం వచ్చే కుర్రాళ్ళకి పాఠాలు చెప్పాడు. 1864లో కార్నెట్ మీద ఒక పెద్ద పుస్తకం అచ్చేశాడు. కార్నెట్ అంటే ట్రంపెట్‌కి దగ్గరి చుట్టం, వేళ్ళు వేసే పద్ధతి ఒకటే. అందుకే ఈ రోజుకీ ట్రంపెట్ వాళ్ళు ఆ పుస్తకమే తెరుస్తారు.

నా ఇంజనీరు బుర్రకి ఆ పుస్తకం ఎందుకు నచ్చిందంటే, ఆయన సమస్యని ముక్కలు చేశాడు. స్వరాలు కలిపి పలకడం ఒక చోట, స్కేళ్ళు ఒక చోట, గమకాల్లాంటి అలంకారాలు ఒక చోట, నాలుకతో వేగంగా కొట్టడం ఇంకో చోట. ఏది రాకపోతే దాని పేజీకి వెళ్ళు. కానీ జనం తరచూ దాటేసే మాట ఒకటి అందులో ఉంది. పెదవి అలిసిన వెంటనే వాయించడం ఆపేయమంటాడు ఆర్బన్.

తర్వాత అమెరికాలో హెర్బర్ట్ క్లార్క్. సూసా బ్యాండులో కార్నెట్ సోలోయిస్టు. ఆ బ్యాండు టూర్లలో రోజుకి రెండు కచేరీలు కూడా ఉండేవి. అంటే సాయంత్రానికి పెదవి మిగలాలి. 1912లో వచ్చిన ఆయన పుస్తకం మొదటి పేజీల్లో ఉన్న పాఠం ఏంటో తెలుసా? చాలా మెల్లగా, దగ్గర దగ్గర స్వరాలు, ఒకే ఊపిరిలో మళ్ళీ మళ్ళీ. గట్టిగా ఊదడం కాదు. న్యూయార్క్‌లో మాక్స్ ష్లాస్‌బెర్గ్ కూడా పొడుగు స్వరాలతోనే మొదలుపెట్టించేవాడు. ఆయన 1936లో పోయాక, 1937లో ఆ రోజువారీ పాఠాలు పుస్తకంగా వచ్చాయి.

సరే, ఈ మాట వినకపోతే ఏమవుతుంది? లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని చూడండి. జాజ్‌లో అంతటివాడు మళ్ళీ పుట్టలేదంటారు. రాత్రి తర్వాత రాత్రి, ప్రేక్షకులు కేకలేస్తుంటే హై సి లు వరసపెట్టి కొట్టేవాడు. 1934లో పెదవి మొరాయించింది. పారిస్‌లో నెలల తరబడి ట్రంపెట్ పక్కన పెట్టాడు. 1935 జనవరిలో అమెరికా వచ్చాక కూడా వెంటనే వాయించలేకపోయాడు. తర్వాత తిరిగొచ్చాడు, 1971లో చనిపోయేదాకా కొనసాగాడు, కానీ ఆ పాత హై సి ల పందెం తగ్గించాడు. పెదవి చుట్టూ ఉండే గుండ్రటి కండ చిరిగితే వైద్యులు దాన్ని సాచ్మో సిండ్రోమ్ అంటారు. సాచ్మో అంటే ఆయన ముద్దుపేరు.

ఇక ఆ తమ్ముడికి నా జవాబు. ఇది ఈ ముగ్గురి పుస్తకాల నుంచి నేను కూర్చుకున్న లెక్క, మీ గురువు చెప్పేది వేరైతే ఆయన మాటే వినండి. ముందు పది నిమిషాలు మెల్లగా పొడుగు స్వరాలు, ష్లాస్‌బెర్గ్ లాగా. ఇంకో పది క్లార్క్ పద్ధతిలో, వేళ్ళ కోసం. పదిహేను నిమిషాలు ఆర్బన్, ఏది రావట్లేదో అదొక్కటే. చివర పది నిమిషాలు ఇష్టమైన పాట. ప్రతి ముక్క తర్వాత వాయించినంతసేపూ ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. మొత్తం గంటన్నర. ఆ ఖాళీ టైములో పాట వినొచ్చు, వేళ్ళు ఆడించొచ్చు, నోటితో పాడుకోవచ్చు. నొప్పి వచ్చిందా, ఆ రోజుకి అంతే. సాయంత్రం ఊరేగింపు ఉంటే పొద్దున మొదటి పది నిమిషాలతో సరిపెట్టండి. వాపు తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

మనకి కూడా ఒక పని ఉంది. ఊరేగింపులో "ఇంకో పాట, ఇంకో పాట" అని అరిచేది మనమే, నేనూ అరిచాను. ఈసారి నాలుగు పాటలయ్యాక డప్పులూ డ్రమ్ములూ ఒక రౌండు వేయమని అడగండి. డ్యాన్స్ ఆగదు, ట్రంపెట్ కుర్రాడికి ఐదు నిమిషాలు దొరుకుతాయి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.